వియ్యాల వల

పొద్దున్నే లైసెన్సుకు పసుపు బొట్టు పెట్టింది ఐలవ్వ. కావాలని కాదు. గూట్లో గంగమ్మ పటం పక్కన ఏది కనిపించినా ఆమె వేలు దాని మీదికి పోతుంది, అలవాటు అట్లాంటిది. మొగుడు బాలమల్లు చూసి లబలబలాడాడు. సర్కారు ముద్ర మీద పసుపేమిటని, రేపు సార్లొచ్చి అడిగితే ఏం చెప్పాలని, కండువా కొసతో తుడుస్తూ పావుగంట సణిగాడు. దేవుని పక్కన పెట్టింది నువ్వే కదా అని ఒక్క మాట అని ఐలవ్వ పొయ్యి ముందుకు పోయింది.

బాలమల్లు ఇల్లు ప్రాణహితకు ఇవతల, ఆదిలాబాదు జిల్లాలో. ఆయన వియ్యంకుడు కొమురెల్లి ఇల్లు అవతల, మహారాష్ట్రలో. మొన్నమొన్నటి దాకా అది ఒక ఒడ్డు, ఇది ఒక ఒడ్డు, అంతే. ఆ ఏడు రెండు సర్కార్లూ చేపలు పట్టేవాళ్ళకు లైసెన్సులు పెట్టాయి. ఇక్కడి కాగితం నది నడుమ దాకానే చెల్లుతుంది, అక్కడిదీ అంతే. నడుమ ఎక్కడుందో నీళ్ళకు తెలియదు, చేపలకు అంతకన్నా తెలియదు. బాలమల్లుకు మాత్రం ఖచ్చితంగా తెలుసు. నాలుగు సొరబుర్రలకు రాళ్ళు కట్టి హద్దుగా నదిలో వేసి వచ్చాడు. తెల్లారేసరికి రెండు బుర్రలు అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయాయి. కొమురెల్లి వాటిని శుభ్రంగా తన వలకు కట్టుకున్నాడు.

ఇక్కడ వియ్యాల వల సంగతి చెప్పాలి. ఆ బెస్తల్లో నదికి ఆ దిక్కు పిల్లనిస్తే, పెద్ద వల సగం పిల్ల తండ్రి అల్లి తెస్తాడు, సగం పిల్లగాని తండ్రి తెస్తాడు. పెళ్ళినాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రెండు సగాలనూ కలిపి కుట్టి, నడుమ ముడి వేస్తారు. ఆనాటి నుంచి ఒక కొస వీళ్ళు పట్టాలి, ఇంకో కొస వాళ్ళు పట్టాలి. ఒక్క ఇంటి చేత అయ్యే వల కాదది. బాలమల్లు బిడ్డ నర్మదను కొమురెల్లి కొడుకు వెంకటికి ఇచ్చినప్పుడు వేసిన ముడి రెండేళ్ళు ఎన్ని వరదలనో తట్టుకుంది. లైసెన్సును మాత్రం తట్టుకోలేకపోయింది.

నర్మద తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, కొడుకును కని, ఇంకా పురుడు కూడా తీరలేదు. ఆ రోజుల్లోనే వియ్యంకులిద్దరూ నది నడుమ తగువు పెట్టుకున్నారు. నీ కాగితం ఇక్కడ చెల్లదు బావా అని ఇతను, నీది మాత్రం చెల్లుతుందా బావా అని అతను. బావా బావా అనుకుంటూనే చెరొక కత్తి తీశారు. మనిషి మీదికి కాదు, వల మీదికి. ఇతను పైనుంచి, అతను కిందినుంచి కుట్టు కోసుకుంటూ వచ్చి సరిగ్గా ముడి దగ్గర కలుసుకున్నారు. దాన్నీ కోసి చెరొక సగం ఇంటికి మోసుకుపోయారు. సగం వలంటే చేపకు భయమా? పక్కనుంచి నిమ్మళంగా పోతుంది. నాలుగు నెలల నుంచి రెండిళ్ళలోనూ పప్పే కూర.

ఇప్పుడు పిల్లవాడికి ఐదో నెల. బాలింత అత్తగారింటికి పోవలసిన నెల. వాళ్ళే వచ్చి తీసుకుపోవాలని బాలమల్లు పట్టు. వాళ్ళే తెచ్చి దింపాలని కొమురెల్లి పట్టు. ఐదో నెల దాటితే, సరి నెల పనికిరాదు కనుక, మళ్ళీ ఏడో నెల దాకా ఆగాలి. వెంకటి పాపం తండ్రి మాట జవదాటలేక రోజూ సాయంత్రం నది నడుమ దాకా పడవ వేసుకొచ్చేవాడు. ఒడ్డున నర్మద పిల్లవాణ్ణి రెండు చేతులతో ఎత్తి చూపేది. ముక్కు ఎవరి పోలికని అక్కడినుంచే అరిచేవాడు. దగ్గరికొచ్చి చూసుకో అని ఇక్కడినుంచి నర్మద అరిచేది. ఆ మాట విన్నప్పుడల్లా బాలమల్లు లేచి పెరట్లోకి పోయేవాడు. అయినా పట్టు పట్టే.

లైసెన్సు తుడవడం అయ్యాక బాలమల్లు పెరట్లోకి పోయి చూస్తే గుంజల మీద ఆరేసిన వల లేదు. ఐలవ్వను అడిగాడు.

"బిడ్డ పట్టుకపోయింది, దిబ్బ మీదికి," అంది ఆమె, రొట్టె తిప్పుకుంటూ. "పిలగాన్ని సుత."

బాలమల్లు ఒడ్డుకు పరుగెత్తాడు. ఎండాకాలం నీళ్ళు తగ్గి నది నడుమ తేలిన ఇసుక దిబ్బ మీద నర్మద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో వల, చేతిలో దారం. నర్మదే చెప్పి రప్పించినట్టుంది, వెంకటి తమ సగం తెచ్చి ఎదురుగా పరిచి, కొడుకును ఒళ్ళో పెట్టుకుని ముక్కు చూసుకుంటున్నాడు. అవతలినుంచి కొమురెల్లి పడవ దూసుకొస్తోంది. బాలమల్లూ తెడ్డు అందుకున్నాడు.

రెండు పడవలూ ఒకేసారి దిబ్బకు చేరి, రెండూ ఆగిపోయాయి. ఎవరూ దిగలేదు. ఎందుకంటే ఆ దిబ్బ ఏ సర్కారుదో ఇద్దరికీ తెలియదు. దిగితే, హద్దు దాటావని అవతలివాడు అంటాడని ఇద్దరికీ జంకు.

నర్మద తల ఎత్తలేదు. కుడుతూనే అడిగింది.

"బాపు, నేను ఏ ఇంటి మనిషిని?"

"గదేం అడుగుడు బిడ్డా. మా ఇంటి పిల్లవు."

"మామా, నువ్వు చెప్పు."

కొమురెల్లి మీసం సర్దుకున్నాడు. "మా ఇంటి కోడలివి. ఎవలు కాదన్నరు?"

పోయిన వారం పిల్లవాడికి టీకా వేయించడానికి చెన్నూరు పోయినప్పుడు, అక్కడి లైసెన్సుల ఆఫీసులో గుమాస్తాను అడిగానని నర్మద చెప్పింది. లైసెన్సున్న మనిషి ఇంటోళ్ళు ఎవరైనా అతని కాగితం మీద వల పట్టొచ్చునట. ఎవరి నీళ్ళల్లో వాళ్ళు లాగితే ఎవరికీ ఆక్షేపణ లేదట.

"నీ సగం వల నీ నీళ్ళల్ల ఉంటది బాపు. మామ సగం మామ నీళ్ళల్ల ఉంటది. నడుమ కుట్టు కాడ పడవల నేనుంట. నేను రెండిండ్లదాన్నాయె, నన్ను ఏ సర్కారు పట్టుకుంటది?"

వియ్యంకులు ముఖాలు చూసుకున్నారు. సర్కార్లు ఇప్పుడు గీసిన గీతకు తాతల నాడే ఎవరో ముడి వేసి పెట్టారు. తాము పోయి పోయి దాన్నే కోసుకున్నారు.

అప్పుడు నర్మద చేయి ఆగింది. తల ఎత్తి ఇద్దరినీ చూసింది.

"కుట్టు నేను కుడత. ముడి మాత్రం నాతోని కాదు. అది నా పెండ్లినాడు మీరిద్దరు ఏసింది. దాన్ని కోసేటప్పుడు నేను మతికి రాలేదా బాపు నీకు?"

బాలమల్లుకు ముడి కోసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు బిడ్డ అన్నం ముట్టలేదు. బాలింత, నోరు చేదేమోనని తను పట్టించుకోలేదు. నాలుగు నెలలు ఇంట్లో తన కళ్ళ ముందు తిరుగుతూ ఒక్క మాట అనలేదు. కళ్ళు మసకబారాయి. ఏ సర్కారు ఇసుకైతేనేమి, పడవ దిగేశాడు. అటునుంచి కొమురెల్లీ దిగాడు, కండువాతో ముఖం తుడుచుకుంటూ, ఎండ బాగా ఉందని ఎవరూ అడగకుండానే చెబుతూ.

ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. ఒకరు కొస జారవిడిస్తే ఒకరికి కంటినీళ్ళు అడ్డం. మధ్యలో పిల్లవాడు తాడు కొస గట్టిగా పట్టుకుని వదల్లేదు.

ఆ పూటే వల వేశారు. చాలా రోజుల తర్వాత పడ్డ పెద్ద వాలుగ చేప సరిగ్గా కుట్టు దగ్గర చిక్కింది. మీ దిక్కే పడ్డది, నువ్వే తీసుకో బావా అని బాలమల్లు. కాదు తోక మీ దిక్కున్నది, నీదే బావా అని కొమురెల్లి. ఇప్పుడు దీని మీద మొదలైంది పోట్లాట. నర్మద ఆ చేపను ఎత్తి వెంకటి పడవలో వేసి, పిల్లవాణ్ణి చంకనేసుకుని తనూ ఎక్కింది.

బాలమల్లు నడుములోతు నీళ్ళల్లోకి దిగి ఆ పడవను నెట్టాడు. లోతు వచ్చాక దాని అంచు పట్టుకుని ఈదాడు. బిడ్డతో మాట్లాడుతూ, మనుమడి కాలి వేళ్ళు లెక్కపెడుతూ పోతూనే ఉన్నాడు. కాళ్ళకు ఇసుక తగిలి తలెత్తితే ఎదురుగా కొమురెల్లి ఇల్లు, వాకిట్లో వియ్యపురాలు హారతి పళ్ళెంతో నిలబడి ఉంది.

"బావా," అన్నాడు వెనక పడవలో వచ్చిన కొమురెల్లి, "మా సర్కారు గడ్డకు అచ్చినవ్. కాగితమేది?"

బాలమల్లు తడిసిన పంచె మడత తడుముకున్నాడు. లైసెన్సు ఇంట్లో, గూట్లో, గంగమ్మ పక్కన ఉండిపోయింది. ఐలవ్వ ఈపాటికి మళ్ళీ బొట్టు పెట్టే ఉంటుంది.

"బిడ్డను దింపనీకి అచ్చిన బావా," అన్నాడు, ఏడుస్తూ నవ్వుతూ. "దీనికి సుత కాగితం కావాల్నా?"

కొమురెల్లి పడవ దిగి ఒడ్డెక్కాడు. వంగి, చేయి పట్టి ఒడ్డు మీదికి లాగాడు.