పద్నాలుగు తప్పులూ, రెండు ఒప్పుకోళ్లూ

అరబిక్ నుంచి స్పానిష్‌లోకి అనువాదం నేర్పే ఆ క్లాసులో బెంచీకి ఇద్దరు. ఒకరు రాసింది రెండోవారు దిద్దాలి. ఈ పద్ధతి పెట్టిన మేడమ్‌కి మనుషుల మీద నమ్మకం కాస్త ఎక్కువ.

మొదటిరోజే ఆ అమ్మాయి, పక్కన కూర్చున్న అబ్బాయి పేజీని ఎర్రసిరాతో తడిపేసింది.

"ఇది నేను రాసిన పేజీయా, ప్రమాదం జరిగిన చోటా?" అన్నాడు అతను.

"నాకు పెద్ద తేడా కనిపించలేదు" అంది.

ఆ రోజునుంచి ఆమె పేరు ఎర్రపెన్ను. నిఘంటువు చూడందే మంచినీళ్లయినా ముట్టని అతను డిక్షనరీ.

చిక్కంతా వ్యాకరణంతోనే. 'ఆయన డాక్టరు' అంటే అరబిక్‌కి చాలు, మనకి చాలినట్టే. స్పానిష్‌కి అలా కాదు, మధ్యలో ఒక క్రియ వచ్చి కూర్చోవాలి. అదీ రెండు రకాలు, ఎక్కడ ఏది కూర్చుంటుందో దానిష్టం. అరబిక్‌లో సూర్యుడు ఆడ, చంద్రుడు మగ. స్పానిష్ గడప దాటేసరికి ఇద్దరూ వేషాలు మార్చేసుకుంటారు. ఈ గందరగోళంలో ఆమె రాసింది అతను దిద్దేవాడు, అతను దిద్దింది ఆమె మళ్లీ దిద్దేది. క్యాంటీన్‌లో టీ చల్లారేది గానీ వాదన చల్లారేది కాదు. ఎవరి నోరు పెద్దదైతే ఆ పూటకి వాళ్లదే వ్యాకరణం.

ఒక వానరోజు ఒకే గొడుగు కింద భూతకాలం గురించి పోట్లాడుకుంటూ మూడు బస్సులు వదిలేశారు. నాలుగోది రావడం ఆమె చూసింది. చూడనట్టే ఊరుకుంది.

ఆరునెలల పరీక్షలో ఇద్దరి పేపర్లలోనూ పద్నాలుగేసి తప్పులు వచ్చాయి. అవే చోట్ల, అవే తప్పులు. కాపీ కొట్టినవాళ్లు క్లాసు వదిలి వెళ్లిపోవాలన్నది అక్కడి రూలు. మేడమ్ చెరో గదిలో కూర్చోబెట్టి, జరిగింది స్పానిష్‌లో రాసిమ్మంది.

ఈ సీటు కోసం ఇంట్లో ఎంత పోరు పెట్టిందో ఆమెకే ఎరుక. కానీ పక్కన అతను లేని బెంచీ కళ్లముందు మెదిలేసరికి సీటు సంగతి వెనక్కిపోయింది. కాపీ కొట్టింది నేనే, అతనికి ఏ పాపమూ తెలియదని రాసిచ్చేసింది. అబద్ధం రాయడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకి అదివరకు తెలీదు.

మేడమ్ ఇద్దర్నీ పిలిచి కాగితాలు పక్కపక్కన పెట్టింది. అతనూ కాపీ కొట్టింది తనేనని రాశాడు. పైగా ఆ కాగితంలో ఆమె చేసిన మూడు స్పానిష్ తప్పులే అతనూ చేశాడు.

"వేరే గదుల్లో కూర్చున్నా ఇవే తప్పులు. ఇది కాపీ కాదు. ఆరునెలలుగా ఒకరికొకరు శ్రద్ధగా తప్పులు నేర్పుకున్నారు" అంది మేడమ్ తాపీగా. "సీట్లు ఎక్కడికీ పోవు. రేపట్నుంచి మాత్రం చెరో బెంచీ. లేకపోతే ఈ జన్మకి పాసవరు."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. ఎవరు ముందు మొదలుపెట్టాలన్న దానిమీద కూడా పోట్లాటే, కాకపోతే మౌనంగా.

"పాసయ్యాక మీ ఇంటికొస్తాను" అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"నువ్వు కావాలని అడగడానికి."

"అడగాల్సింది మా అమ్మని. ఆవిడ ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వదు, మధ్యలోనే దిద్దుతుంది."

"నాకు అలవాటైపోయిందిలే."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.