సముద్రం మీద తలుపు తీయరు

పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్డులోకి విమానం వచ్చిందంటే పక్కనున్న కర్దనూర్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. నిజానికి అది విమానమూ కాదు. రెక్కల్లేవు, తోక లేదు, చక్రాలు అసలే లేవు. ప్లైవుడ్డు, ఫైబరుతో చేసిన పొడవాటి డొల్ల ఒకటి ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉండేది. లోపల మాత్రం సీట్లు, దీపాలు, ఏసీ అన్నీ ఉన్నాయి. కిటికీలు కూడా ఉన్నాయి గానీ వాటి అవతల నల్లరంగు పూసిన చెక్క తప్ప ఏమీ కనిపించదు.

అది రెండు వేల అయిదో సంవత్సరం. ఏదో పరాయి దేశపు విమానాల కంపెనీ కొత్తరకం విమానాలు కొంటోందట. మధ్యలో ఎక్కడా దిగకుండా పద్దెనిమిది గంటలు ఒకే ఎగురుడు. అంతసేపు ఎగరాలంటే అందులో పనిచేసేవాళ్ళు వంతులవారీగా పడుకోవాలి కదా. అందుకని ప్రయాణికుల నెత్తిమీద, సీలింగుకు పైన, ఎవరికీ కనపడకుండా ఒక అర. అందులో ఇరుకైన మంచాలు. ఆ సీట్లూ, ఆ అరా తయారుచేసే పని ఈ షెడ్డుకు దొరికింది. ఈ డొల్ల వాటికి నమూనా.

చేసినవాటిలో మనిషి అంతసేపు ఓర్చుకుని కూర్చోగలడా లేదా అని చూడాలన్నారు. ఆఫీసువాళ్ళ నడుములు సుకుమారం కాబట్టి, ఊళ్ళోవాళ్ళను కూర్చోబెట్టి తలుపేద్దామనుకున్నారు.

సుమిత్ర ఆ షెడ్డులోనే సీటు కవర్లు కుట్టేది. ఇంజనీరు భీమశంకరం గోదావరి వైపు నుంచి వచ్చినవాడు, మాట మెత్తన, పని గట్టి. ఒకరోజు ఆమె మిషను దగ్గర నిలబడి, "ముసలివాళ్ళు కూడా కావాలమ్మా. మీ అత్తగారిని తీసుకొచ్చావంటే నీ పర్మినెంటు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

అత్త శివమ్మకు మోకాళ్ళ నొప్పి. బస్సు మెట్టు ఎక్కాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. విమానం మాట వినగానే, "ఇంకా పానం ఉండంగనే పైకి పంపుతవా ఏందే?" అని నవ్వింది. వద్దని మాత్రం అనలేదు. తల్లి లేకుండా పెరిగిన కోడలు నోరు తెరిచి అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు. పెళ్ళయి వచ్చిన మొదటి రోజే సుమిత్ర తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, జడవేసిన మనిషి ఆమె. సుమిత్రకు లోకంలో తనదనుకునే మనిషి ఎవరంటే శివమ్మే. మొగుడు నర్సన్న లారీ మీద నెలకు ఇరవై రోజులు ఊళ్ళమ్మట తిరుగుతుంటాడు. ఆ రోజూ ఊళ్ళో లేడు.

సాయంత్రం అందరినీ ఎక్కించారు. కొత్త బండికి దిష్టి తీయకపోతే ఎలా అని భీమశంకరమే గుమ్మడికాయ తెప్పించాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అయితే పరాయి దేశం వాళ్ళు చూడటానికి వస్తున్నారని షెడ్డు నేలకు అప్పుడే పచ్చరంగు వేశారు. దానిమీద మరక పడకూడదు. అందుకని కాయ మీద కర్పూరం వెలిగించి, సీట్లలో కూర్చున్నవాళ్ళందరి చుట్టూ తిప్పి, లోపలే ప్లాస్టిక్ పట్టా పరిచి కొట్టేశాడు. ముక్కలూ, కుంకుమ నీళ్ళూ పట్టాలోనే మూటగట్టాడు. తలుపు వేసే తొందరలో ఆ మూటను వెనకాల, పై అరకు పోయే మెట్ల కింద ఉన్న చెత్తపెట్టెలో కుక్కి దిగిపోయాడు.

"తీసిన దిష్టిని అవతల పారేస్తరు గని, ఎవరన్న ఇంట్ల దాసుకుంటరా?" అంది శివమ్మ.

ఎవరూ పట్టించుకోలేదు. బయటినుంచి తలుపు గొళ్ళెం పడింది.

మొదటి కొన్ని గంటలు నవ్వులాటగానే గడిచాయి. సుమిత్రను విమానంలో పనిచేసే అమ్మాయిలా నడుస్తూ టీలు, పొట్లాలు పంచమన్నారు. మరిది వరసైనవాళ్ళు ఊరుకుంటారా, "ఓ మేడమ్, అమెరికా వచ్చిందా?" అని ఏడిపించారు. తర్వాత కాళ్ళు పట్టేశాయి, మాటలు తగ్గాయి. శివమ్మ సీట్లో అటూ ఇటూ కదులుతూ పెదవి కొరుక్కుంటోంది. సుమిత్ర చూడలేకపోయింది. పై అరలోకి ప్రయాణికులను పంపకూడదని భీమశంకరం చెప్పిన మాట పక్కనపెట్టి, అత్తను మెల్లగా మెట్లెక్కించి, ఒక మంచం మీద పడుకోబెట్టి తెర లాగింది. తలదగ్గర ఒక మీట ఉంది. అది నొక్కితే కింద గంట మోగుతుంది.

ఆ విమానం పోయే దారిలో రాత్రి ప్రయాణం చివరన వస్తుందట. అందుకని బయట పొద్దు పొడుస్తున్న వేళకు లోపల దీపాలన్నీ ఆర్పేశారు. స్పీకర్లలోంచి ఇంజను హోరు. ఏసీ చలి. ఊరి జనం దుప్పట్లు ముసుగేసుకుని నిద్రపోయారు. సుమిత్ర మెట్ల పక్కన మడత సీటు మీద ఒక్కతే మేలుకుని కూర్చుంది.

మొదట వాసన వచ్చింది. పచ్చి గుమ్మడికాయ వాసన, ఆరిపోయిన కర్పూరం వాసన. చెత్తపెట్టె పక్కనే ఉంది కదా అనుకుంది. కాసేపటికి అది మారింది. తియ్యగా, బరువుగా, కుళ్ళినట్టు. అంత చలిలో ఏదీ అంత తొందరగా కుళ్ళదు. పెట్టె మూత తీసి తడిమింది. పట్టా చేతికి తగిలింది. ముడి విప్పి ఉంది. లోపల ఏమీ లేదు.

పైన ఎవరో పక్కకు తిరిగినట్టు చెక్క కిర్రుమంది. తర్వాత మెటికలు విరుస్తున్న చప్పుడు. అత్తమ్మ నిద్ర లేచిందేమో అనుకుంది. ఒకటి... రెండు... పది వేళ్ళకు పది మెటికలు. ఆ తర్వాత కూడా చప్పుడు ఆగలేదు.

టింగ్.

పై మంచం గంట. సుమిత్ర మెట్లెక్కింది.

"అత్తమ్మా?"

"బిడ్డా..." తెర వెనకనుంచి గుసగుస. "ఆమెను జెర అవతలికి జరుగుమను. నాకు జాగ సాల్తలేదు."

"ఎవరిని?"

"నాకేం ఎరుక? నా ఎన్క పండుకున్నది. జల్దీ జరుగుమను బిడ్డా..."

అది ఒక్క మనిషికి సరిపోయే మంచం. సుమిత్ర తెర కిందినుంచి చెయ్యి పెట్టింది. పాదం తగిలింది. పగుళ్ళు బారిన మడమ. ఎన్నిసార్లు నూనె రాసిందో, చీకట్లో కూడా పోల్చుకుంది. రెండో పాదం తగిలింది. ఇంకొంచెం అవతలికి పోనిచ్చింది.

మూడోది... చల్లగా ఉంది. తడిగా ఉంది. చర్మం జిగటగా వేళ్ళకు అంటుకుంది.

ఎలా దిగిందో తెలియదు. గోడకున్న ఫోను అందుకుంది. బయట బల్ల దగ్గర భీమశంకరం ఎత్తాడు.

"సార్, తలుపు తీయండి. మా అత్తమ్మకు మంచిగ లేదు."

"ఏమైందమ్మా? గుండెనొప్పా?"

"కాదు సార్... మంచం మీద ఇంకెవరో ఉన్నరు."

అవతల నవ్వు. "చూడమ్మా, ఇప్పుడు మీరంతా సముద్రం మీద ఉన్నారు. సముద్రం మీద ఎవరైనా తలుపు తీస్తారా? కాసేపు ఓర్చుకో." ఫోను పెట్టేశాడు.

సుమిత్రకు ఒళ్ళు మండింది. తలుపును గుద్దింది, తన్నింది. ఇంజను హోరులో ఎవరూ కదల్లేదు, పక్క సీట్లవాళ్ళు కూడా లేవలేదు. మళ్ళీ పైకి పోయి, తెరలో చెయ్యిపెట్టి అత్త చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె రాలేదు. అవతలినుంచి ఎవరో అంతే బలంగా లాగుతున్నారు.

"ఇడువకు బిడ్డా..."

"ఇడువ అత్తమ్మా. పానం పోయినా ఇడువ."

అలాగే మెట్టుమీద కూర్చుంది. ఎంతసేపో తెలియదు. ఆ చెయ్యి ఒకసారి వెచ్చగా, ఒకసారి చల్లగా ఉంది. ఏడుపు వస్తున్నా గట్టిగా ఏడవడానికి భయం. తను తీసుకురాకపోతే ఈ ముసల్ది ఇప్పుడు తన వాకిట్లో ఎండకు కూర్చుని ఉండేది కదా అని మనసు కోసేసింది.

ఒక్కసారిగా దీపాలన్నీ వెలిగాయి. పట్టుకున్న చెయ్యి విసురుగా తెర లోపలికి పోయింది.

"సుమిత్రా, ఆడ ఏం జేస్తున్నవే? దిగు, పోదాం."

వెనక్కి తిరిగింది. కింద, సీట్ల మధ్య దారిలో శివమ్మ నిలబడి ఉంది. చీర నలగలేదు. ముఖం తేటగా ఉంది. "నేనెప్పుడో దిగొచ్చి నా సీట్ల కూసున్న. నువ్వే కునుకు తీస్తున్నవ్, ఎందుకు లేపుడని ఊకున్న."

సుమిత్ర తెరవైపు చూసింది. ఎత్తి చూడాలనిపించింది. చెయ్యి రాలేదు. అంతా పీడకలేనని నమ్మడం ఎంత హాయిగా ఉందో! గబగబా దిగి అత్త భుజం పట్టుకుని ఏడ్చేసింది.

బయట ఎండ. శివమ్మ ఇంటి తాళంచెవి అడిగి తీసుకుంది. "నువ్వు పని తీర్సుకోని రా. నేను ముందుగాల పోయి పొయ్యి అంటిస్త" అని గేటువైపు నడిచింది. ఎవరి సాయం లేకుండా, కుంటకుండా నడిచింది. బాగా పడుకుంది కదా, నొప్పి తగ్గిందేమోలే అనుకుంది సుమిత్ర. మనసుకు కావలసిన కారణం ఎప్పుడూ చేతికందే ఉంటుంది.

టీ డబ్బాలు దించుతుండగా బల్లమీద ఫోను మోగింది. అది విమానం లోపలి ఫోనుతో మాత్రమే కలిసే ఫోను. లోపల అప్పటికి ఎవరూ లేరు. భీమశంకరం ఎత్తి విన్నాడు. ముఖం పాలిపోయింది. ఫోను సుమిత్రకు ఇచ్చాడు.

"ఎందుకిడిసినవ్ బిడ్డా..."

సుమిత్ర పరుగెత్తింది. మెట్ల దగ్గర ఫోను తీగకు వేలాడుతోంది. పైకెక్కి తెర లాగింది. మంచం మీద శివమ్మ గోడవైపు ముడుచుకుని వణుకుతోంది. చీరంతా తడి. సుమిత్ర ఆమెను దాదాపు ఎత్తుకుని దించింది. భీమశంకరం దారి వదిలి గోడకు ఆనుకుపోయాడు. సాయానికి ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లన్న, "మీ అత్త ఇంతకుముందే పోయింది గద..." అన్నాడు. ఆ తర్వాత నేలచూపులు చూస్తూ గేటు వేసుకున్నాడు.

దొరికిన ఆటోలో కర్దనూర్ చేరారు. ఇంటి పైకప్పులోంచి పొగ వస్తోంది. తలుపు లోపలినుంచి గడియపెట్టి ఉంది. సుమిత్ర ఒక చేత్తో అత్త చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తలుపు కొట్టింది.

"లోపలికి పోకు బిడ్డా," అని పక్కనుంచి గుసగుస. "అది నేను గాదు."

"నాకెరుకే అత్తమ్మా. నువ్వు నా పక్కన్నే ఉండు. దాన్ని ఎళ్ళగొడత."

గడియ తీసిన చప్పుడు. తలుపు కొద్దిగా తెరుచుకుంది. లోపల శివమ్మ. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయి, చేతులకు జొన్నపిండి. కోడలిని చూసి ఆమె ముఖం విప్పారింది. తర్వాత సుమిత్ర పక్కకు, గుమ్మం కింద మెట్టు మీదికి, వీధి దాకా చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒక్కదానివే నిలబడి ఎవరితోని మాట్లాడుతున్నవే?"

సుమిత్ర పక్కకు తిరగలేకపోయింది. ఆమె చేతిలో ఉన్న చెయ్యి మాత్రం పట్టు బిగించింది.