నిప్పు చూసిన పేరు

మా షెడ్డు హైవేకు ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. ముంబై వైపు పోయే లారీ దాటినప్పుడల్లా గోడకు తగిలించిన ఉలులు ఒకదానికొకటి తాకి సన్నగా మోగుతాయి. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను కాబట్టి నాకది పూజలో గంట చప్పుడు లాగే అలవాటైపోయింది.

మా ఆయన బస్వరాజ్ కర్ర పలకల మీద పేర్లు చెక్కుతాడు. మా మామగారు మహాదేవప్ప బీదర్ దిక్కు నుంచి జహీరాబాద్ వచ్చి మొదలుపెట్టిన పని అది. ఆయన కాలంలో ఇళ్లకు, గుళ్లకు బోర్డులు చేసేవారు. ఇప్పుడు అందరికీ పాతబడ్డ బోర్డే కావాలి. హోటల్ కట్టి నెల కూడా కాదు, బోర్డు మాత్రం వందేళ్లది కావాలి. పలకను మంటతో కాల్చి, ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పు మేకులు నానేసిన వెనిగర్ పూస్తే కర్ర బూడిద రంగుకు తిరుగుతుంది. చివర డబ్బనంతో చిన్న చిన్న బొక్కలు పొడిస్తే పురుగు తిన్నట్టే ఉంటుంది. అంతా మూడు రోజుల పని.

మామగారు కూడా కాల్చేవారు. కానీ ఒక కట్టడి పెట్టుకున్నారు. నాకు పెళ్లైన కొత్తలో, చాయ్ ఇవ్వడానికి పోయినప్పుడు చెప్పారు. "దుకాణం పేరు కాల్చు, ఊరి పేరు కాల్చు. బతికున్న మనిషి పేరుకు మాత్రం నిప్పు చూపెట్టొద్దు కోడలా. నూనె రాసి వాకిట్ల పెట్టాలె. అది మనిషితోటే ముసలిదైతది."

"చూపెడితే ఏమైతది మామయ్యా?" అనడిగాను.

ఆయన చాయ్ తాగి గ్లాసు బోర్లించారు. మళ్లీ ఉలి అందుకున్నారు.

పోయినేడు వినాయకుణ్ణి నీళ్లలో వదిలిన వారం, జగన్‌మోహన్ పటేల్ వచ్చాడు. అల్లం తోట తీసేసి హైవే మీద హోటల్ కట్టాడు. ఎడ్లబండి చక్రాలు, లాంతర్లు, పాత పిండిగిర్నీ రాయి అన్నీ కొనిపెట్టాడట.

"బోర్డు చూస్తే మా తాతల నాటిది అనిపించాలె బస్వరాజ్. పేరే తోస్తలేదు. ఎవరన్న ఆడిమనిషి పేరు, తర్వాత 'ఇల్లు' అని."

అప్పుడే మా కూతురు చాయ్ తెచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం.

"నీ పేరేంది బిడ్డా?"

చెప్పింది. పటేల్ రెండుసార్లు తనలో తాను అనుకుని చూశాడు. "ఇదే పెట్టు. ఇంపుగుంది."

మా ఆయన మురిసిపోయాడు. "హైవే మీద మన చిన్నదాని పేరు! బొంబాయి దాకా చదువుకుంట పోతరు." పిల్ల కూడా నవ్వింది. "నాకు రోజూ బిర్యానీ ఫ్రీనా పటేల్ సాబ్?" అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఈరోజుకీ నా నోరు చేదవుతుంది.

పటేల్ పోయాక అన్నాను. "మామయ్య మాట యాదున్నదా? చెక్కుండ్రి, వద్దంటలేను. కాల్చకుండ్రి."

"మా నాయనకు గ్యాస్ బర్నరే తెల్వదు. కిరసనాయిలు మంట అదుపు కాక కర్ర కాలిపోతదని భయం ఆయనకు. దానికి నువ్వు శాస్త్రం కలిపినవ్," అన్నాడు.

నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. ఊరుకున్నాను. సంగమేశ్వరుడికి దండం పెట్టుకుని ఊరుకున్నాను.

మరునాడు సాయంత్రం షెడ్డులో బర్నర్ బుస్సుమంది. వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతున్న పిల్ల ఒక్కసారి లేచి నిలబడింది. "అమ్మా... వీపు మండుతుంది."

జాకెట్టు ఎత్తి చూశాను. ఏమీ లేదు. చర్మం మామూలుగానే ఉంది. కానీ జడ దగ్గరికి ముఖం పెట్టగానే వాసన తగిలింది. కొబ్బరినూనె వాసన కాదు. కాలిన టేకు వాసన.

రాత్రికి జ్వరం. పొద్దున దవాఖానకు తీసుకుపోయాను. వైరల్ అన్నారు, గోలీలు ఇచ్చారు. "చూసినవా?" అన్నాడు మా ఆయన, బ్రష్షు చేతిలో పట్టుకుని.

ఆ రోజు బ్రష్షు గీకినంతసేపూ పిల్ల చేతులు రుద్దుకుంటూనే ఉంది. దీపాల వేళకు చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా సన్నటి గీతలు. గోకితే వచ్చేవి కావు. పొడుగ్గా, వంకరగా, ఒకదాని పక్కన ఒకటి పారుతూ... మోచేతి దగ్గర ఒక ముడి చుట్టూ తిరిగి మళ్లీ కలిసిపోతున్నాయి. కర్రలో ఉండేటట్టు. వేలితో తడిమాను. గరుకుగా తగిలింది.

ఆయనకు చూపించాను. ఒక క్షణం చూశాడు. ఆ క్షణం ఆయన కళ్లల్లో భయం కనిపించింది. అబద్ధం చెప్పను, కనిపించింది. తర్వాత తల తిప్పుకున్నాడు. "ఎల్లుండే హోటల్ తెరుస్తున్నరు. పటేల్ అందరికి చెప్పిండు కూడ. ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్?"

"బోర్డు ఆపమంటున్న."

"జ్వరం తగ్గుతది. ఆపితే నా మాట పోతది."

ఇన్నేళ్లలో ఆయన నాతో చాలా మాటలన్నాడు. అన్నీ మరిచిపోయాను. ఇది మాత్రం మరవలేను.

మూడో రోజు పొద్దంతా ముసురు. తుప్పు నీళ్లు పూసి, ఆరాక, కొక్కేలు తెస్తానని బజారుకు బయల్దేరాడు. "వచ్చినంక బొక్కలు పొడిస్తే అయిపోయింది," అన్నాడు బండి తీస్తూ. నేను పిల్ల మంచం పక్కన కూర్చుని తల దువ్వాను. కణతల దగ్గర వెంట్రుకలు బూడిద రంగు. గోళ్లు బూడిద రంగు. పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్ల కింద, మా అత్తగారికి ఆఖరి రోజుల్లో ఉన్నట్టు, చర్మం వేలాడుతోంది.

విభూతి పెట్టాను. పిల్ల నుదుటికి అంటుకోలేదు. ఎండు కర్ర మీద రాలినట్టు జారిపోయింది.

సాయంత్రం ఐదు దాటింది. మబ్బుకు ఇల్లంతా చీకటి. కరెంటు పోయింది. లారీలు కూడా ఏమయ్యాయో... రోడ్డు మీద చప్పుడే లేదు.

అప్పుడు వినిపించింది.

టక్.

పిల్ల ఉలిక్కిపడింది. "అమ్మా..."

టక్... టక్...

"అమ్మా, మెడ..."

సెల్‌ఫోను వెలుగు వేశాను. మెడ మీద చిన్న బొక్క. సూదిమొన అంత. నెత్తురు లేదు. నేను చూస్తుండగానే దాంట్లోంచి సన్నటి పొడి రాలింది. పసుపు రంగు పొడి. పక్కదుప్పటి మీద చిన్న కుప్పగా...

టక్.

ఇంకొకటి, చెవి కింద.

"ఆయన వచ్చిండు," అనుకుని వాకిట్లోకి ఉరికాను. "ఆపుండ్రి! మీ కాళ్లు మొక్కుత, ఆపుండ్రి!" జీవితంలో మొదటిసారి అంత గట్టిగా అరిచాను.

వాకిట్లో బండి లేదు.

షెడ్డు తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది.

లోపల... టక్.

 మనసులో పంచాక్షరి చదువుకున్నాను. సగంలో తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది. లోపల ఎవరో తొందర లేకుండా, పని తెలిసిన చేత్తో పొడుస్తున్నారు.

ఇంట్లోంచి పిల్ల దగ్గు వినిపించింది. పొడి దగ్గు.

గొళ్లెం తీశాను.

చప్పుడు ఆగింది. ఎవరూ లేరు. వెనిగర్ వాసన, తడి రంపపు పొట్టు వాసన. బల్ల మీద పలక వెల్లకిలా ఉంది. నా బిడ్డ పేరు నల్లగా, వందేళ్లు గాలికి వానకు నిలబడ్డట్టు. పక్కన డబ్బనం. చేతిలోకి తీసుకున్నాను. పిడి వెచ్చగా ఉంది.

ఎవరో నా వెనక నిలబడి నేను తప్పుకోవడానికి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

గోడకున్న రంద తీశాను. పలకల్ని నునుపు చేసేది. మామగారి దగ్గర చూసి నేర్చిన పనే. పలక అంచున ఆనించి నెట్టాను. నల్లటి పొర చుట్ట చుట్టుకుని లేచింది. మళ్లీ నెట్టాను. మళ్లీ. లోతుగా చెక్కిన అక్షరాలు... తొందరగా పోవు. భుజాలు గుంజుతున్నాయి. ఏడుస్తున్నాను, నెడుతున్నాను. మొదటి అక్షరం పోయింది. రెండోది పోయింది. ఆఖరి గీత పోయేసరికి కింద తెల్లటి పచ్చి కర్ర తేలింది.

ఇంట్లో దగ్గు ఆగింది.

పరుగెత్తాను. పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. చేతులు నునుపు. మెడ నునుపు. "ఆకలైతుందే అమ్మా," అంది.

దగ్గరికి తీసుకున్నాను. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచాను.

రాలేదు.

నోరు తెరుచుకునే ఉంది. నాలుక ఎక్కడికి కదలాలో దానికి తెలియలేదు.

మా ఆయన వచ్చి పలక చూసి గోల గోల చేశాడు. రాత్రంతా కూర్చుని ఇంకో పలక మీద 'అమ్మమ్మ ఇల్లు' అని చెక్కి ఇచ్చాడు. పటేల్‌కు అదే ఇంకా నచ్చిందట. "రెండు గోలీలకు తగ్గే జ్వరానికి నా పని ఖరాబ్ చేసినవ్," అని ఇప్పటికీ అంటాడు. ఆయన పిల్లను పేరుతోనే పిలుస్తాడు. పెదాలు కదలడం నాకు కనిపిస్తుంది. అక్కడ మాత్రం చప్పుడుండదు. కాలేజీ కార్డు మీద పేరు వెతికాను. ఆ చోటికి పోగానే నా చూపు తడి గాజు మీద నీటిచుక్కలా జారుతుంది.

చేసినవాడికి పేరు మిగిలింది. కాపాడినదానికి మిగల్లేదు. దేవుణ్ణి ఇంతవరకు ఏమీ అడగలేదు. ఇది అడిగాను. 

"అమ్మా, ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువవే. 'చిన్నా, చిన్నా' అని ఏంది, నేను చిన్నపిల్లనా?" అంది ఒకరోజు.

"పో, పొయ్యి మీద పాలున్నయి," అన్నాను.

పది రోజులకు పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేర్లు చెప్పి జంగమయ్యకు బియ్యం ఇచ్చే రోజు. మా ఆయనకు తన పెద్దల పేర్లే గుర్తుండవు. ఏటా ఆయన చాట పట్టుకుంటే, పక్కన నిలబడి పేర్లు చెప్పేది నేనే. చిన్నది అప్పుడే బతుకమ్మకు తంగేడు పూలు తెస్తానని స్నేహితురాళ్లతో చెరుకు తోటల దిక్కు పోయింది. మూలమలుపు దాటేదాకా చూశాను.

మామగారితో మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఆరు పేర్లు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే చెప్పాను.

బియ్యం అందుకోబోయిన జంగమయ్య చేతులు ఆగిపోయాయి. పక్కన మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఏడు చెప్పినవేందమ్మా?" అన్నాడు జంగమయ్య మెల్లగా.

"ఆరే కదయ్యా..."

"ఏడు. ఆఖరుకు ఇంకొకటి చెప్పినవ్."

"ఏది?"

ఆయన నా వైపే చూస్తూ ఆ పేరు పలికాడు. పెదాలు కదిలాయి. నాకేమీ వినిపించలేదు.

గొళ్లెం పెట్టిన షెడ్డు లోపలి నుంచి, ఆ పిలుపుకు బదులుగా, నా బిడ్డ గొంతే వందేళ్లు ముదిరినట్టు, పండు ముసలి ఆడగొంతు ఒకటి "ఆఁ... వస్తున్న" అంది.