ఒక్క కంకి

"ఒక్కటే కంకి ఇచ్చాను సార్," అన్నాడు ఏజెంట్ అభిరామ్.

సకల జనుల సమ్మె మూడో వారం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ మేడ మీద చీఫ్ భానుమూర్తి వాచీ చూసుకున్నాడు.

అభిరామ్ అక్కడ బోటనీ లెక్చరర్ వేషంలో ఉన్నాడు. మిషన్ ఒకటే. నీళ్లు చాలకపోయినా పండే వడ్లు అల్మాస్‌గూడ బుచ్చవ్వ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. అవి విదేశీ ముఠాకి చిక్కకూడదు. పిల్లలకి చూపిస్తానని అబద్ధమాడి ఆమె దగ్గర ఓ కంకి తెచ్చాడు. తోటి ఏజెంట్ బిందుమాధవి నవ్వుతూ అడిగితే ఇచ్చేశాడు. ఆమె డబుల్ ఏజెంటని ఈ ఉదయమే తెలిసింది.

"కరువులో మిగిలిన ఒక్క మొక్క సంతానమయ్యా ఆ చేనంతా. వరిలో ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే. తరాలు మారినా గింజకీ గింజకీ తేడా లేదు. ఆ ముఠా కంకిని మొలకెత్తించి, దాన్ని చంపే తెగులు తయారుచేస్తే?" అన్నాడు చీఫ్.

"చేనంతా పోతుంది సార్." నిన్న క్లాసులో తను చెప్పిన పాఠమే. అభిరామ్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"పదకొండింటికి నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్‌లో బిందుమాధవికి విమానం రెడీగా ఉంది. వెళ్లు!"

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సమ్మెవాళ్ల వంటావార్పు. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, డేగిసాలు. బిందుమాధవి ఎర్ర కారు అక్కడే ఇరుక్కుంది. అన్నం కలుపుతున్నది బుచ్చవ్వ!

"వీణ్ణి నమ్మకండి, పోలీసు ఇన్‌ఫార్మరు!" బిందుమాధవి అరిచింది. జనం అభిరామ్‌ని చుట్టుముట్టారు.

జేబులో పెన్ పిస్టల్ ఉంది. తీయలేదు.

"అవ్వా, నీకు అబద్ధం చెప్పాను. నీ కంకి ఆమెకిచ్చాను. నీ వడ్లకి తెగులు పెట్టి చంపేస్తారు."

"పిల్లల కోసమంటివి కద బిడ్డా! గందుకే ఇచ్చిన."

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది.

అంతలో అంబులెన్స్ వచ్చింది. జనం దారి ఇచ్చారు. దాని వెనకే ఎర్ర కారు కదిలింది. టైము పది నలభై.

"దవాఖాన బండిని పోనియ్యుండ్రి! గా ఎర్ర కారును ఆపుండ్రి!" గరిటె పట్టుకుని బుచ్చవ్వ కారుకి అడ్డం నిలబడింది. ఆడవాళ్లు బిందుమాధవిని కిందికి దింపారు. హ్యాండ్‌బ్యాగులో స్టీల్ ట్యూబు, అందులో కంకి.

అభిరామ్ చెయ్యి చాపాడు.

"ఇగ నీ చేతికైతే ఇయ్య." బుచ్చవ్వ కంకిని ఉడుకుతున్న డేగిసాలో పడేసింది. "ఉడికినంక ఎట్ల మొలుస్తదో చూస్త."

మధ్యాహ్నం విస్తరి వేసి ముందు అతనికే వడ్డించింది, కంకితో సహా. అంతా తిన్నాడు. పొట్టు గొంతులో గుచ్చుకుంది.

సాయంత్రం రిపోర్టులో 'సాక్ష్యం ఎక్కడ భద్రపరిచారు?' అన్న గడిలో 'తిన్నాను' అని రాశాడు.