దీవి మీది ఊయల

లాంచీ దీవికి చేరేసరికి ఎండ బాగానే ఉంది. ఆ పరాయి దేశంలో గడిపిన సెలవుల్లో ఒక రోజు బావ ఈ దీవికి కేటాయించాడు. చూడవలసింది పెద్దగా లేదు. ఒక పాత లైట్‌హౌస్, దాన్ని ఆనుకుని అప్పటి కాపలాదారు కాపురమున్న ఇల్లు. చీకటి పడేలోగా తిరిగి హోటల్‌కి.

అక్క కోసమే ఈ ప్రయాణం. వేసవిలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డ ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. అప్పటినుంచి అక్కకు నిద్ర లేదు. ఎప్పుడు చూసినా మంచం అంచున కూర్చుని ఉండేది. చోటు మారితే కంటిమీద కునుకు పడుతుందేమోనన్నది బావ ఆశ. తన ఒక్కడివల్ల కాదని నన్నూ వెంటబెట్టుకొచ్చాడు.

గైడు ఎర్రజెండా ఎత్తి పట్టుకుని ముందు నడిచాడు. ఎవరైనా వెనకబడితే ఆగి జెండా ఊపుతాడు. పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు కూడా తనను ఇంత జాగ్రత్తగా ఎవరూ నడిపించలేదన్నాడు బావ. అక్క నవ్వింది. బావ గబగబా ఫోను తీసి ఆ నవ్వును ఫొటో తీశాడు. అమ్మకు పంపుదామంటే సిగ్నలు లేదు. దీవిలో ఎక్కడా ఉండదన్నాడు గైడు.

కాపలాదారు ఇంట్లో గదులు ఇరుకు. పాత సున్నం, తడిసిన కొయ్య, ఎప్పటిదో కిరోసిన్ వాసన. పడకగదిలో అడ్డంగా తాడు కట్టి, దాని అవతల ఒక ఊయల ఉంచారు. కింద వంపు చెక్కలున్న కొయ్య ఊయల. కాలు తగిలితే చాలు, ఊగుతుంది. కాపలాదారు స్వయంగా చేశాడట. చేసి పెట్టుకున్నాడు కానీ, ఆ దంపతులకు పిల్లలు కలగనే లేదట. గైడు ఈ సంగతి చెప్పేసి పక్కగదిలోకి వెళ్లాడు.

అక్క తాడు కిందుగా కాలు చాపి ఊయలను ఒకసారి తట్టింది. ఆలోచించి చేసినట్టు లేదు. చిన్నప్పుడు మేం ఖాళీ ఊయల ఊపితే, కీడంటూ అమ్మ వీపు మీద ఒకటి వేసేది. ఆ మాట ఇప్పుడు అక్కతో అనడానికి నాకు నోరు రాలేదు.

లాంచీ కూత వేసేసరికి రేవులో అందరూ ఉన్నారు, అక్క తప్ప. లాంచీని ఆపుతానంటూ బావ సరంగు దగ్గర నిలబడ్డాడు. నేను వెనక్కి పరుగెత్తాను. సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది.

ఆ ఇంట్లోకి చీకటి ముందే వచ్చేసింది. గుమ్మంలోనే వినిపించింది... కిర్రు... కిర్రు... దానితోపాటు గొంతులోనే తీస్తున్న జోల. మాటల్లేవు, వరస మాత్రమే. మా అమ్మ వరస.

అక్క కిటికీ దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. ఊయలకు కాలు అందనంత దూరంలో.

ఊయల ఊగుతోంది.

"ఇక పాట ఆపక్కా. లాంచీ వెళ్లిపోతుంది."

ఆమె తిరగలేదు. "పాడుతున్నది నువ్వనుకున్నాన్రా," అంది మెల్లగా.

జోల ఆగింది... ఊయల ఆగలేదు.

తాడు దాటి దాని అంచు పట్టుకున్నాను. ఆగింది. కానీ ఖాళీ కొయ్య ఆగినట్టు ఆగలేదు. లోపల ఏదో ఒక పక్కకు ఒరిగి... సర్దుకుంది. వంగి చూశాను. ఉత్త పలకలు.

"ఏముందిరా అందులో?"

"ఏమీ లేదు."

"సరే, పద," అంది. నా వెంట వచ్చేసింది. లాంచీలో బావ భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. నేనేదో చెప్పబోతే బావ పెదవుల మీద వేలు పెట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

మేం ముగ్గురం దిగిన హోటల్ గదిలో, పెద్ద మంచం పక్కనే, చిన్నపిల్లల మంచం వేసి ఉంది. సన్నటి గొట్టాలు, చుట్టూ వలగుడ్డ, ఉతికిన దుప్పటి. అక్క నిద్రమత్తులోనే దాన్ని చూసింది. ఏమీ అడగలేదు. అటు తిరిగి పడుకుని వెంటనే మళ్లీ నిద్రలోకి జారుకుంది.

కిందికి వెళ్లి హోటల్‌వాళ్లను కనుక్కున్నాను. మధ్యాహ్నం ఒకావిడ ఫోను చేసి, మా గది నంబరు చెప్పి ఆ మంచం వేయమని అడిగిందట. మధ్యాహ్నం మేం దీవిలో ఉన్నాం.

"మత్తు వదిలాక దీన్ని చూసిందంటే తట్టుకోలేదు," అన్నాడు బావ. ఆ చిన్న మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తుకెళ్లి, వరండాలో గోడ పక్కన పెట్టి వచ్చి తలుపు వేశాడు.

కాసేపటికి అక్క చెయ్యి పక్క మీంచి కిందికి జారింది. నిద్రలోనే గాలిలో వెతికింది... ఇటు... అటు... దొరకలేదు. ముఖం ముడుచుకుపోయింది. వేసవి నుంచి మేం చూస్తున్న ముఖం. రెప్పలు కదిలాయి...

బావ నా వైపు చూశాడు. లేచి వెళ్లి తలుపు తీశాడు.

బయట ఆ చిన్న మంచాన్ని ఎత్తబోయి వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తర్వాత తల తిప్పకుండా, గుసగుసగా నన్ను పిలిచాడు.

"కాస్త రెండో వైపు పట్టుకో... మెల్లగా."