గ్లెన్ ఫియార్న్ ఏడుపు బండ

స్కాట్లండు కొండల్లో ఉన్న మా ఊరు గ్లెన్ ఫియార్న్‌లో పొద్దు వాలాక ఏడుపు బండ పక్కనుంచి నడిచిన మనిషి లేడు. రేవుకి ఆ దారిన అరగంట. అయినా మావాళ్ళు కొండ చుట్టూ తిరిగి రెండు గంటలు నడిచేవాళ్ళు. పురిటినొప్పులొచ్చినా సరే, మంత్రసాని చుట్టుదారినే రావాలి.

పడమటి గాలి వీచే సాయంత్రాల్లో అది ఏడ్చేది. ముందు పసిపిల్లాడి గొంతులా సన్నగా... తర్వాత ఎవరో నోట్లో గుడ్డ కుక్కుకుని మూలిగినట్టు. నేనూ విన్నాను. విన్నరోజు తిండి సయించలేదు.

బండకి ఆ చెడ్డపేరు పూర్తిగా తెచ్చింది మాత్రం రోరీ అనే మనిషి — అలా అనుకునేవాళ్ళం. 1889లో రాళ్ళ సర్వే దొర ఒకడు వస్తే, ఈ రోరీ సుత్తి మోస్తూ అతనికి దారి చూపించాడు. సుత్తి అతని దగ్గరే వదిలి దొర వెళ్ళిపోయిన మర్నాడే రోరీ మాయం. అదే సాయంత్రం ఈవన్ అనే ఐదేళ్ళ పిల్లాడూ మాయం. ఊరు రెండూ కలిపి లెక్క తేల్చేసింది... నిద్రపోతున్న బండని సుత్తితో లేపాడు, దాన్ని శాంతింపజెయ్యడానికి పిల్లాణ్ణి అప్పజెప్పాడు, తనేమో ఓడెక్కి పారిపోయాడు.

అప్పటికి రోరీ కొడుకుకి ఏడాది. వాడు పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, ముసలివాడయ్యాడు. చర్చిలో అతను కూర్చున్న బల్లమీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. 1954 నవంబరులో పోయాడు. శవపెట్టె మొయ్యడానికి ముగ్గురే వచ్చారు. నాలుగో కొమ్ము కూతురు డోలీనా తన భుజానికెత్తుకుంది.

డోలీనా ఎడిన్‌బరోలో సర్వే వాళ్ళ రికార్డు గదిలో పనిచేసేది. పాత దొరల నోటుపుస్తకాలకి నకళ్ళు తియ్యడం ఆమె పని. తండ్రిని పూడ్చి వెళ్ళిన పిల్ల, మళ్ళీ నెల తిరక్కుండానే ఊళ్ళో దిగింది.

ఆ సాయంత్రం మేమంతా ఎప్పట్లాగే ఊళ్ళో పెద్దావిడ పెగ్గీ ఇంట్లో, పొయ్యిలో వేసే ఎండు మట్టిగడ్డల పీట్ మంట చుట్టూ ఉన్నాం. మూడున్నరకే చీకటి పడిపోయింది. మా ఉత్తరాన డిసెంబరులో అంతే. డోలీనా తలుపు తోసుకుని లోపలికొచ్చి, నిలబడే ఒక కాయితం చదివింది.

"ఏడుపు బండ. సున్నపురాయి. కింద బోలు. పడమటి గాలి దూరినప్పుడు ఏడుపులాంటి చప్పుడు. వెనక పొదల్లో మనిషి పట్టేంత సందు ఉంది. రాయి వదులుగా ఉంది, దిగొద్దని రోరీకి చెప్పాను."

చదివి అందరి మొహాలూ చూసింది. "మా తాతతో తిరిగిన దొర రాసుకున్న మాటలివి. అక్కడున్నది గాలి. ఇన్నేళ్ళూ గాలికి భయపడి మా నాన్నని వెలేశారు మీరు."

"కాయితాల మీద దెయ్యాలు ఎక్కడ కనిపిస్తాయిలే!" అని ఎవరో అన్నారు. నవ్వులు.

"పట్నంలో కుర్చీలో కూర్చుని రాళ్ళ సంగతి చెబుతోంది," అంది పెగ్గీ. "ఉత్త గాలే అయితే, ఇప్పుడు వెళ్ళి చూసిరా మరి."

"అందుకే వచ్చాను పెగ్గత్తా. లాంతరు ఇస్తావా, అదీ భయమేనా?"

అప్పుడు లేచాడు ముసలి టోర్కిల్. ఆ మాయమైన ఈవన్‌కి అన్న. డెబ్బై మూడేళ్ళు. బండ దగ్గరికి పిల్లలు వెళ్ళకుండా జీవితమంతా కాపలా కాసిన మనిషి.

"పిల్లా... వద్దు. నా మాట విను."

"ఎందుకు వినాలి తాతా? మా నాన్న అరవై అయిదేళ్ళు తల దించుకునే నడిచాడు. నేను దించను."

లాంతరు తీసుకుంది. మేకుకి వేలాడుతున్న తాడు కూడా తీసుకుంది. వెళ్ళిపోయింది.

ఇక్కణ్ణుంచి జరిగింది డోలీనా నాకు తన నోటితో చెప్పింది.

బండ ఇంకా వంద అడుగుల దూరం ఉండగానే మొదలైందట. సన్నగా... పిల్లాడిలా. కాళ్ళు ఆగిపోయాయి. "గాలి," అని పైకే అంది. మళ్ళీ అడుగేసింది. చప్పుడు పెరిగింది. "గాలివే నువ్వు!" అని అరిచింది ఈసారి.

బండ వెనక ఎండిన పొదల్ని చేత్తో చీల్చుకుంటూ వెతికింది. వేళ్ళకి చల్లగా ఊపిరి తగిలింది... సందు! పడిపోయిన రాయి ఒకటి సగం మూసేసింది. తాడు చెట్టు మొదలుకి కట్టి, పక్కకి ఒరిగి, లోపలికి జారింది.

జారగానే లాంతరు ఆరిపోయింది.

చిమ్మచీకటి. ఏడుపు ఇప్పుడు బయట లేదు — తన చుట్టూ ఉంది, పళ్ళలో ఉంది, పక్కటెముకల్లో ఉంది. అగ్గిపుల్ల గీసింది. ఆరింది. ఇంకోటి. ఆరింది. మూడోది గీస్తూ, "నేను రోరీ మనవరాలిని! నన్నేం చేస్తావో చెయ్యి!" అందట.

వెలుగు నిలబడింది.

ఎదురుగా గోడకి ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎముకలు. రెండు కాళ్ళూ పెద్ద రాయి కింద. పక్కన సర్వే వాళ్ళ సుత్తి. చివికిపోయిన ఉన్నికోటు మాత్రం అతని ఒంటిమీద లేదు... ఒళ్ళో ఉంది. అందులో ఏదో చుట్టి ఉంది.

విప్పి చూసింది.

మేం ఇంకా మంట చుట్టూనే ఉన్నాం. తలుపు తెరుచుకుంది. ఒళ్ళంతా బురద, మోచేతుల్నించి రక్తం. డోలీనా లోపలికొచ్చింది. బల్లమీద ఒక చిన్న జోడు పెట్టింది. అడుగున మేకులు కొట్టిన ఐదేళ్ళ పిల్లాడి జోడు.

"మా తాత పారిపోలేదు," అంది. "కాళ్ళు విరిగి కదల్లేక, మీ పిల్లాణ్ణి కోటులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని చచ్చిపోయాడు. ఇప్పుడు చెప్పండి. ఎవరు ఎవరిని అప్పజెప్పారు?"

టోర్కిల్ ఆ జోడు తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

పీట్ గడ్డ ఒకటి విరిగిన చప్పుడు వినిపించింది.

"సందులోకి దూరమని మా తమ్ముణ్ణి పురిగొల్పింది నేనే. జారిపోయాడు... ఏడుస్తున్నాడు. పరిగెత్తుకొస్తుంటే దారిలో రోరీ ఎదురయ్యాడు. చెప్పాను. దిగొద్దని దొర చెప్పాడే అంటూనే దిగాడు. 'నువ్విక్కడే ఉండు బాబూ' అన్నాడు. తర్వాత... రాయి పడింది. నేను ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకున్నాను. నాన్న చంపేస్తాడని. పొద్దున్న ఊరు రోరీ పేరెత్తింది. నేను కాదనలేదు."

"ఆ రాత్రి చెప్పి ఉంటే బతికేవాళ్ళా?" అని డోలీనా అడిగింది.

"ఆ ప్రశ్న నన్ను రోజూ తింటూనే ఉంది."

డోలీనా అతన్ని కొట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఆదివారం చర్చిలో అందరి ముందూ ఇదే చెప్పాలి," అంది. "మా నాన్న బల్లమీద కూర్చుని."

చెప్పాడు. ఆ వారమే రోరీనీ ఈవన్‌నీ పక్కపక్కన పూడ్చాం. ఈసారి రోరీ శవపెట్టెకి భుజం పట్టడానికి ఊరంతా తోసుకుంది. డోలీనా మాత్రం మొదటి కొమ్ము ఎవరికీ ఇవ్వలేదు.

పూడ్చిన రోజు సాయంత్రమే పడమటి గాలి లేచింది. టోర్కిల్ కర్ర పట్టుకుని, ఎంతమంది ఆపినా ఆగకుండా ఒక్కడే బండ దారి పట్టాడు. మేం కిందనుంచి చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు బండకి చెవి ఆనించి ఉన్నాడు. తర్వాత మెల్లగా దిగొచ్చాడు.

"ఇంకా ఏడుస్తోందా తాతా?" అంది డోలీనా.

"ఆఁ. గాలి కదా... ఏడుస్తూనే ఉంది." బండవైపు ఒకసారి తిరిగి చూశాడు. "పేరు పెట్టి పిలవడం మాత్రం మానేసింది."

మాలో ఎవరూ ఎప్పుడూ అందులో పేరు వినలేదు.

"ఎవరి పేరు?" అంది డోలీనా.

"నాదేనమ్మా... ఇన్నేళ్ళూ," అన్నాడు.