బెల్లం డబ్బాకు పరీక్ష

"అమ్మా, ఒక్క చుక్క కూడ కారలే చూడు!"

అఖిల నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను తలకిందులుగా పట్టుకుని గలగలా ఊపింది. లోపలిదంతా అద్దంలా కనిపించే డబ్బా అది. మూతకు నాలుగు వైపులా లాకులు. పుప్పాలగూడలో వాళ్లుండే ఇంట్లో చీమల బాధ పడలేక, అమ్మ భూలక్ష్మి బెల్లం దాచడానికని ఆ పొద్దునే కొనుక్కొచ్చింది.

"నీళ్లు కారకుంటే ఏంది? చీమలు లోపలికి పోకుంటే గద గొప్ప!" అంది అమ్మ.

"అయితే అది కూడ టెస్ట్ చేస్త!"

అఖిల డబ్బాను శుభ్రంగా తుడిచి బెల్లం ముక్కలు వేసింది. టక్, టక్ మని లాకులు నొక్కుతుంటే కింద నుంచి ఫ్రెండ్స్ పిలిచారు. డబ్బాను వంటగట్టు మీద వదిలేసి, తమ్ముడు సాయిచంద్‌తో ఆటకు పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి గట్టు మీద చీమల బారు! డబ్బాలో బెల్లం నిండా చీమలే.

"అమ్మా, ఈ డబ్బా ఫెయిల్! షాపుల వాపస్ ఇచ్చేద్దాం."

"మంచిగ చూసినవా?" బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అమ్మ అక్కడి నుంచే అడిగింది.

చూస్తే, ఒక లాకు తెరిచే ఉంది. అఖిలకు ఉక్రోషం వచ్చింది.

"దొంగల్లారా! ఇగ ఎట్ల బయటికొస్తరో చూస్త," అంటూ ఆ లాకు టక్కున నొక్కేసింది.

కాసేపటికి సాయిచంద్ గుసగుసగా పిలిచాడు. "అక్కా, జర ఇటు రా."

లోపలి చీమలు బెల్లాన్ని వదిలేశాయి. మూసుకుపోయిన ఆ లాకు దగ్గరే పైకీ కిందికీ తిరుగుతున్నాయి. బయటి చీమలూ వెళ్లిపోలేదు. ఒకటి నోట్లోని బెల్లం పలుకును గట్టు మీదే పడేసి డబ్బా గోడ ఎక్కింది. సరిగ్గా దానికి ఎదురుగా, లోపల ఇంకో చీమ. మధ్యలో పలచటి ప్లాస్టిక్. రెండూ మీసాలు ఆడిస్తూ అక్కడే నిలబడ్డాయి.

"పిలుచుకుంటున్నయా అక్కా?"

"ఏమో రా..."

అఖిల డబ్బా మీదికి వంగింది. చీమను ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆవగింజంత కూడా లేని తల. నూలుపోగుల్లాంటి కాళ్లు. తీయటి బెల్లాన్ని కూడా మరిచిపోయేంత ఆరాటం దాంట్లో ఎక్కడ పట్టింది?

ఆమె మెల్లగా లాకులు తీసి మూత ఎత్తింది. లోపలి చీమలు బిలబిలా బయటికొచ్చాయి. ఎదురైన ప్రతి చీమనూ మీసాలతో తాకి, మళ్లీ బారులో కలిశాయి.

ఇంతలో అమ్మ తడిగుడ్డతో వచ్చింది. "పాసా, ఫెయిలా?"

"డబ్బా పాసే అమ్మా. నేనే లాకు సక్కగ పెట్టలే."

"సరే, జరుగు. గట్టు తుడుస్త."

అఖిల గబుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఆగు అమ్మా! ఇంకొకటి ఉంది."

బెల్లం జిగురు కాళ్లకు అంటుకున్న ఒక చీమ అందరికన్నా వెనుక మెల్లగా నడుస్తోంది. అమ్మ గుడ్డ పక్కన పెట్టి తనూ వంగింది. అది గోడ పగుల్లోకి వెళ్లేదాకా ముగ్గురూ చూస్తూనే ఉన్నారు.